స్వరాజ్యం గారి కంటి హాస్టల్

అమీర్‌పేటలో ఇల్లు వెతుక్కునేవాడు పైకి చూడకూడదు. పైకి చూస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు తప్ప ఆకాశం కనిపించదు. ఒకసారి ఓ కాకి మా సందులో వాలడానికి చోటు దొరక్క, ఆ బోర్డులే చదువుకుంటూ తిరిగి తిరిగి, చివరికి జావా నేర్చుకుని హైటెక్ సిటీలో ఉద్యోగానికి చేరిపోయింది. ఈ సంగతి నేను చెబితే మా మనవరాలు ఒక్కతే నమ్మింది. అందుకని కిందికే చూస్తూ రావాలి. ఏ గుమ్మం ముందు చెప్పుల జతలు బళ్ళో పిల్లల్లా వరసగా నిలబడి ఉంటాయో అదే స్వరాజ్యం గారి లేడీస్ హాస్టల్. వరస తప్పిన చెప్పు ఎవరిదో తేలితే ఆ పిల్లకు ఆ పూట ఇడ్లీ ఉంటుంది, చట్నీ ఉండదు.

నేను ఎదురింటి మేడ మీద ఉంటాను. బ్యాంకులో రిటైరయ్యాను. మధ్యాహ్నం క్యారియరు ఆవిడ మెస్సు నుంచే వస్తుంది. కాబట్టి ఆవిడ గురించి ఇక్కడ చెడ్డమాట ఒక్కటి కూడా ఉండదు. నా సాంబారు నాకు ముఖ్యం.

స్వరాజ్యం గారిది జనగామ వైపు. భర్త ఆర్టీసీలో కండక్టరు. ఆయన పోయాక ఉన్న ఇంట్లోనే రెండు గదులు ఆడపిల్లలకిచ్చి మొదలుపెట్టారు. ఇప్పుడు మూడంతస్తులయింది. గరిట పట్టుకున్నట్టే తాళాల గుత్తి పట్టుకుంటారు, తాళాల గుత్తి పట్టుకున్నట్టే గరిటా పట్టుకుంటారు. రెండూ తగలకుండా తప్పుకుని నడవడం ఆ హాస్టల్లో మొదటి పాఠం.

ఆవిడ చట్టాలు కఠినం. ఎవరి తువ్వాలు వాళ్ళదే, ఎవరి దువ్వెన వాళ్ళదే. కాటుక పెన్సిలు ఒకరిది ఒకరు వాడినట్టు తెలిస్తే ఇద్దరికీ ఆదివారం స్వీటు బంద్. అయితే ఏ చట్టానికైనా మినహాయింపు ఒకటుంటుంది కదా. ఇక్కడ ఆ మినహాయింపు ఆవిడ కొంగు. ఆ కొంగుతో వేడి గిన్నె దించుతారు. అదే కొంగుతో కళ్ళజోడు తుడుస్తారు. బల్ల మీద పడ్డ పప్పు తుడుస్తారు, ఏడ్చే పిల్ల ముక్కు తుడుస్తారు, చివరికి ఉల్లిపాయలు తరిగాక తన కళ్ళూ అదే కొంగుతో గట్టిగా రుద్దుకుంటారు. ఆ కొంగు పిండితే ఒక పూట భోజనం వస్తుందని నేనంటే, "మీ క్యారియర్ల వచ్చేది గా భోజనమే సారు, ఎరుక లేదా?" అన్నారు. అప్పటినుంచి మూత తీయగానే ఒకసారి వాసన చూస్తున్నాను.

రెండో అలవాటు తొలిముద్ద. హాస్టల్ పెట్టిన కొత్తలో ఒక తండ్రి కూతుర్ని దించడానికి వచ్చి, కూర వైపు చూసి, "ఇది మీరు తింటారా?" అని అడిగాడట. ఆవిడ ఆయన ముందే కూర్చుని తిని చూపించారు. ఆ రోజు నుంచి ప్రతి పూటా, పిల్లలు కంచాల ముందు కూర్చున్నాక, హాలు మధ్యలో నిలబడి ప్రతి వంటకంలో తొలిముద్ద ఆవిడే తింటారు. ఆవిడ మింగి, "ఊఁ, తినుండ్రి" అంటేనే చేతులు కదులుతాయి. చిన్నప్పుడు మా కాన్వెంటు బళ్ళో సిస్టర్ ప్రార్థన ముగించి 'ఆమెన్' అనేదాకా మేము కళ్ళు మూసుకుని రొట్టెముక్క వాసన పీల్చినట్టే.

ఆదివారం పాయసంలోనూ తొలిముద్దే. ముద్ద అంటున్నాను గానీ అది గరిటెడు ఉంటుంది. ఆవిడకు షుగరుందన్న సంగతి హాస్టల్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, ఎందుకంటే మందుల షాపులో ఇద్దరం ఒకే మాత్ర అడిగి పట్టుబడ్డాం.

"పిల్లలకు చెప్పకుండ్రి సారు," అన్నారు ఆ రోజు. "షుగరున్న మనిషి మెస్సు అంటే అన్నిట్ల సప్పదనమే అనుకుంటరు."

ఇక దివ్యశ్రీ సంగతి. ఆ పిల్ల కరీంనగర్ నుంచి కంప్యూటర్ కోర్సుకని వచ్చి, పొద్దున బ్యాగు తగిలించుకుని అమీర్‌పేట క్లాసులకు వెళ్ళకుండా కృష్ణానగర్‌లో సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగేది. తెలిసిన రోజు స్వరాజ్యం గారు తాళాల గుత్తి బల్ల మీద కొట్టి గంటసేపు తిట్టారు. తిట్టడం అయ్యాక, "గా షూటింగ్‌ల కాడ తిండి పెడ్తరా లేదా?" అని అడిగి, మర్నాటి నుంచి పెరుగన్నం డబ్బా కట్టించారు. చివరికి దివ్యశ్రీకి ఒక సినిమాలో వేషం దొరికింది. డైలాగు లేదు.

"దసరాకు రిలీజ్ ఆంటీ," అంది దివ్యశ్రీ గెంతుతూ. "నేను ఏ సీన్‌లో ఉంటనో మాత్రం చెప్ప. మీరే గుర్తుపట్టాలె."

"నిన్ను గుర్తుపట్టనా? నీ చెప్పు చూస్తే పట్టేస్త."

"చెప్పులు చూపియ్యరు ఆంటీ. మొకమే."

"మొకమే పడ్త పో. మొదటి ఆట, మొదటి టికెట్ నాదే. ఇది నా మాట."

మాట ఇచ్చేశారు. ఆవిడ మాటంటే ఆ సందులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముద్ర. కానీ ఆ రోజుకే ఆవిడకు రెండు కళ్ళల్లో శుక్లాలు. కుడికన్ను మరీ మసక. అంతకు ముందు వారమే శ్రీనగర్ కాలనీలో ఒక చీరల షాపు గుమ్మంలో నిలబెట్టిన బొమ్మను, "లోపలికి దారియ్యమ్మా, గట్ల అడ్డం నిలవడితివి" అని మందలించారు. బొమ్మ కదలకపోతే, "ఈ కాలపు పిల్లలకు మర్యాద లేదు" అని నాతో చెప్పారు. చివరికి ఆ బొమ్మ కూడా పక్కకు తప్పుకుందని నేను అందరికీ చెబుతుంటాను. అంత గంభీరమైన గొంతు ఆవిడది.

ఆపరేషన్ కోసం పంజాగుట్టలో ఒక కంటి ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళాను. డాక్టర్ సుమశ్రీ చిన్న వయసు పిల్ల. స్వరాజ్యం గారి గడ్డం మిషను మీద ఆనించి, కళ్ళల్లోకి వెలుగు వేసి చాలాసేపు చూసింది.

"అమ్మా, శుక్లం ముదిరింది, తీసేయాలి. కానీ ఇప్పుడే తీయను."

"ఎందుకు తియ్యవు బిడ్డా?"

"రెప్పల అంచులు వాచి ఉన్నాయి. వెంట్రుకల మొదళ్ళ దగ్గర పొట్టు పేరుకుంది. కంటికురుపులు తరచుగా వస్తున్నాయా?"

"వస్తయి, పోతయి. సుట్టాల లెక్క."

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు తిప్పింది. "పరగడుపు షుగరు బాగానే ఉంది," అంది. స్వరాజ్యం గారు నా వైపు తిరిగి గర్వంగా చూశారు. ఆ గర్వం వెనక సంగతి నాకు తెలుసు. పరీక్షకు ముందు రెండు రోజులు ఆవిడ కీరా ముక్కలు, మజ్జిగ తప్ప ముట్టలేదు. మన ఊళ్ళో షుగరు పరీక్షను కూడా పదో తరగతి పరీక్షలాగే చూస్తాం. ఏడాదంతా ఆడి, ముందు రోజు చదువుతాం.

"కానీ ఈ రెండో పరీక్ష మూడు నెలల సంగతి చెబుతుందమ్మా," అంది డాక్టరమ్మ. "దీన్ని చూస్తుంటే నాకు పాయసం వాసన వస్తోంది."

స్వరాజ్యం గారు గది పైకప్పు వైపు చూశారు.

"చూడండమ్మా, కంటి మీద, రెప్పల మీద అందరికీ సూక్ష్మజీవులు ఉంటాయి. మీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి."

"నా కంట్ల పురుగులా?" అంటూ ఆవిడ కుర్చీలోంచి లేచిపోయారు. "నేను దినాం రెండు పూటలు తానం చేస్త! గట్టి మందు పోసి అందర్ని సంపెయ్యి బిడ్డా!"

ఇలాంటి చోట నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాదు. "స్వరాజ్యం గారూ, కాస్త కూర్చోండి. మీ కన్ను ఒక హాస్టలండీ," అన్నాను.

"ఏంది?"

"ఔనండీ. బుద్ధిగా ఉండే బోర్డర్లు కొందరు ఏళ్ళ తరబడి అందులో కాపురం ఉంటారు. అల్లరి లేదు, గొడవ లేదు. మంచాలన్నీ వాళ్ళతోనే నిండి ఉంటాయి కాబట్టి రౌడీలు వచ్చినా చోటు దొరకదు. ఇప్పుడేమైందంటే, మీ ఒంట్లో తీపి పెరిగింది, కన్నీళ్ళలోకీ వచ్చింది. రోజూ మెస్సులో ఫ్రీగా పాయసం పెడుతున్నారని ఎస్.ఆర్. నగర్ దాకా పుకారు పోయింది. రౌడీలందరూ పెట్టెలు సర్దుకుని దిగారు. వాచ్‌మన్ చూస్తే తీపి తిని నిద్రపోయాడు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "అంకుల్, అంత సూటిగా ఉండదు. షుగరున్నవాళ్ళ కంటి మీద ఉండే బ్యాక్టీరియా కలగలుపు, లేనివాళ్ళ కంటి మీద ఉన్నట్టు ఉండదని చాలా పరిశోధనల్లో తేలింది. కొన్ని రకాలు ఎక్కువవుతాయి, కొన్ని తగ్గుతాయి. ఏవి, ఎందుకు అన్నదాంట్లో ఇంకా అందరూ ఒక్కమాట మీద లేరు. కన్నీళ్ళలో చక్కెర పెరగడం ఒక కారణం కావచ్చు. ఒంటి కాపలా తగ్గడం ఇంకొకటి. మీ వాచ్‌మన్ సంగతి మాత్రం నిజమే."

"చూశారా!" అన్నాను నేను. నా జీవితంలో నా కథకు ఒక డాక్టరు సంతకం పెట్టడం అదే మొదలు.

స్వరాజ్యం గారు మాత్రం నవ్వలేదు. హాస్టలనగానే ఆవిడ ముఖంలోకి యజమానురాలి కళ వచ్చింది. "కిరాయి ఇస్తున్నరా ఆళ్ళు?" అని ముందు అడిగారు. తరవాత కొంచెం ఆలోచించి, "అందర్ని ఎల్లగొడ్తే మంచి పోరీలు సుత పోతరు. ఖాళీ మంచాల మీదికి ఎవడు పడితే వాడొస్తడు. గదే కదా బిడ్డా?" అన్నారు.

"అదేనమ్మా. అందుకే షాపులో కొన్న చుక్కలమందు మీ అంతట మీరు వేసుకోవద్దు. ఆపరేషన్ ముందు మేం కన్ను శుభ్రం చేస్తాం. ఈలోగా షుగరు దిగాలి, రెప్పలు నేను చూపించినట్టు రోజూ వేడి కాపడం పెట్టి కడుక్కోవాలి, కన్ను రుద్దకూడదు. ఇన్ఫెక్షన్ వస్తే చూపుకే ప్రమాదం. వానాకాలం అయ్యేలోపు మళ్ళీ పరీక్ష చేద్దాం."

"దసరా సినిమా ఉన్నది బిడ్డా."

"దసరా మీ చేతిలో ఉందమ్మా," అంది డాక్టరమ్మ.

బయటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని కొంగుతో కళ్ళు తుడుచుకోవడం.

ఆ అలవాటు మాన్పించడం సర్కారువల్ల కూడా కాదు. "రుద్దను సారు" అంటూనే రుద్దేస్తారు. అప్పుడు నాకు మా సిస్టర్ గుర్తొచ్చింది. కాన్వెంటులో చిన్నపిల్లలందరికీ చొక్కా మీద ఎడమవైపు ఒక రుమాలు పిన్నీసుతో గుచ్చి ఉండేది. ముక్కు కారినా కన్ను కారినా దాంతోనే. చొక్కా చేత్తో తుడుచుకున్నవాడి చెవి సిస్టర్ చేతిలో ఉండేది. మర్నాడు నేను ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లరుమాళ్ళు అరడజను తీసుకెళ్ళి, "రోజుకొకటి గుచ్చుకోండి. కన్ను కారితే దాంతో మెల్లగా అద్దుకోవడమే. కొంగు మాత్రం నడుము దగ్గర దోపేయండి," అన్నాను.

"నన్ను ఎల్కేజీల చేర్పిస్తున్నరా సారు?"

"అప్పర్ కేజీకి ప్రమోషన్ దసరాకు."

ఆవిడ భుజం మీద రుమాలు చూసి పిల్లలు రెండు రోజులు పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది యశస్విని. వరంగల్ పిల్ల, బ్యాంకు పరీక్షలకు చదువుతోంది, నోరు పెద్దది. "ఆంటీ, వాటర్ బాటిల్ సుత మెడల ఏస్కోరాదు?" అంది. ఆ పూట ఆ పిల్లకు చట్నీ లేదు.

సాయంత్రాలు నడక. అమీర్‌పేట నుంచి మెట్రో పిల్లర్ల నీడన పంజాగుట్ట సర్కిల్ దాకా వెళ్ళి తిరిగి రావడం. దారిపొడుగునా మిర్చిబజ్జీల బండ్లు. ఒక్కో బండి దగ్గర ఆవిడ నడక పెళ్ళి ఊరేగింపులా నెమ్మదించేది. అప్పుడు నేను కంట్లోని రౌడీల కథ ఎత్తుకునేవాణ్ణి. ఒకడు పెట్టె సర్దుకుంటున్నాడు, ఇంకొకడు రైలు టికెట్ బుక్ చేశాడు, వాళ్ళ లీడరు మాత్రం 'ఆదివారం పాయసం చూసి వెళ్దాం' అంటున్నాడు అని. ఆవిడ పళ్ళు కొరికి బండి దాటేసేవారు.

ఆదివారం లీడరుదే గెలుపు. అన్నం తగ్గించారు, టీలో చక్కెర మానేశారు, తొలిముద్ద మాత్రం మానలేదు. "గది తిండి కాదు సారు, మాట," అనేవారు. ఒక వారం పాయసం వడ్డించే సమయానికి వంటింట్లో పని ఉన్నట్టు నటించి తప్పించుకున్నారు. ఇంకో వారం చెంచాకొనతో అంటీ అంటనట్టు రుచి చూశారు. మూడో ఆదివారం పాయసం బదులు డబల్ కా మీఠా, పాకంలో నానిన రొట్టెముక్కలు. సరిగ్గా ఆ రోజే నిజామాబాద్ నుంచి ఒకాయన కూతుర్ని చేర్చడానికి వచ్చి, భోజనాల హాల్లో ఒక మూల నిలబడి అంతా చూస్తున్నాడు. క్యారియర్ కోసం వచ్చిన నేనూ అక్కడే ఉన్నాను.

అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, అన్నిట్లో తొలిముద్ద అయింది. డబల్ కా మీఠా గిన్నె దగ్గరికొచ్చి ఆవిడ ఆగారు.

"అన్నీ తిన్నరు, గది ఎందుకు తింటలేరమ్మా?" అన్నాడు ఆ తండ్రి. చెడ్డగా అనలేదు, ఊరికే అడిగాడు. కానీ పిల్లల తలలన్నీ ఆ గిన్నె వైపు తిరిగాయి. ఏళ్ళ కిందట అడిగిన ప్రశ్నే మళ్ళీ వచ్చి ఎదురుగా నిలబడింది.

స్వరాజ్యం గారి చెయ్యి గరిట మీదకు వెళ్ళింది. నిండా ముంచారు. గరిట లేస్తుంటే నేను చూడలేక నా క్యారియర్ మూత వైపు చూశాను. అప్పుడు పక్కనుంచి, "ఆంటీ, దివ్యను సినిమాల గుర్తుపడ్తనని అన్నరు గదా," అన్న గొంతు వినిపించింది. యశస్విని. లేచి నిలబడింది. గరిట గాలిలో ఆగిపోయింది.

"మాకు తెల్వదనుకుంటున్నరా? మీ మాత్రల పట్టీ చెత్తబుట్టల రోజూ మేమే చూస్తున్నం," అని, ఆ తండ్రి వైపు తిరిగింది. "అంకుల్, మా ఆంటీకి షుగరున్నది. కంటి ఆపరేషన్ ఉన్నది. గందుకే తింటలేరు. స్వీటుకు తొలిముద్ద ఇవ్వాల్టి నుంచి మాది."

గరిట తీసుకుని తిన్నది. మింగింది. అచ్చం ఆవిడలాగే తల పంకించి, "ఊఁ, తినుండ్రి," అంది.

నిజామాబాద్ ఆయన నవ్వేశాడు. "మా అమ్మకు సుత షుగరే. ఎన్ని చెప్పినా దాచిపెట్టి తింటది. మీ తాననే నయమున్నది," అన్నాడు. కూతుర్ని చేర్చే వెళ్ళాడు.

స్వరాజ్యం గారి కళ్ళు నిండిపోయాయి. చెయ్యి నడుము దగ్గర కొంగు వైపు పోబోయింది. హాల్లో ఉన్న పిల్లలంతా ఒక్కసారి, "ఆంటీ! రుమాల్!" అని అరిచారు. ఆవిడ భుజం మీద రుమాలుతో అద్దుకున్నారు. ఆ పై వారం నుంచి స్వీటు తొలిముద్ద వంతులవారీగా సాగింది. నా పేరు కూడా వంతుల్లో చేర్చమని అర్జీ పెట్టుకున్నాను. నా మాత్రల సంగతి గుర్తుచేసి కొట్టేశారు.

వానలు తగ్గుముఖం పట్టే వేళకు సినిమావాళ్ళు పిడుగులాంటి కబురు పంపారు. దసరాకు పెద్ద సినిమాలు ఉన్నాయని వీళ్ళది ముందే విడుదల చేసేస్తున్నారట. దివ్యశ్రీ ముఖం వాడిపోయింది. "ఏం కాదు ఆంటీ, తర్వాత ఫోన్‌ల చూద్దురు," అంది.

"ఫోన్‌ల నీ మొకం చింతగింజంత ఉంటది," అన్నారు స్వరాజ్యం గారు. "సారు, పొద్దున్నే పంజాగుట్టకు పోదాం."

ఈసారి పరీక్షకు ముందు ఆవిడ కీరా ముక్కలతో దీక్ష పట్టలేదు. మామూలుగానే తిన్నారు. డాక్టర్ సుమశ్రీ కాగితం చూసింది, రెప్పలు తిప్పి చూసింది, మళ్ళీ కాగితం చూసింది. నేను పదో తరగతి రిజల్టు రోజు చేసినట్టే వేళ్ళ మీద మార్కులు లెక్కపెట్టుకున్నాను.

"పాయసం వాసన లేదమ్మా," అంది. "రెప్పలు కూడా శుభ్రంగా ఉన్నాయి. ముందు కుడికన్ను చేద్దాం, ఎల్లుండి రండి."

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళే ముందు కంట్లో గోధుమరంగు మందు వేస్తుంటే ఆవిడ ఏదో గొణుగుతున్నారట. నర్సు బయటికొచ్చి నన్నే అడిగింది, "ఆమె ఎవరితో మాట్లాడుతున్నారు సార్?" అని. తరవాత కనుక్కుంటే, "మంచి పోరీలూ, జర కండ్లు మూస్కోండ్రి, మందు చేదుంటది. ఫికర్ చెయ్యకుండ్రి, మల్ల మీ మంచాలు మీకే," అని చెప్పారట.

సినిమా విడుదల రోజు పంజాగుట్ట మాల్‌లో మొదటి ఆట. డాక్టరమ్మ చూడవచ్చంది. కన్ను మాత్రం ముట్టుకోవద్దంది. స్వరాజ్యం గారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, భుజాన ఇస్త్రీ రుమాలు గుచ్చుకుని, మధ్యలో కూర్చున్నారు. ఒక పక్క నేను, ఇంకో పక్క దివ్యశ్రీ, ఆ వరసంతా హాస్టల్ పిల్లలు. హాల్లో దీపాలు ఆరగానే ఆవిడ కళ్ళద్దాలు తీసేశారు.

పాట వచ్చింది, డాన్సర్ల గుంపు. "ఇండ్ల లేదు," అన్నారు. కాలేజీ సీను. "ఇండ్ల సుత లేదు." ఇంటర్వెల్ అయింది. దివ్యశ్రీ గోళ్ళు కొరుకుతోంది. రెండో సగంలో హీరో తాత చనిపోయాడు. వాకిట్లో శవం, చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్ళు, కెమెరా వాళ్ళ ముఖాల మీదుగా గబగబా జరిగిపోతోంది. నాకు అందరూ ఒకేలా కనిపించారు. వెనక వరసలో ఒక పిల్ల వెక్కివెక్కి ఏడుస్తూ, పక్కనున్న ముసలావిడ కొంగు లాక్కుని కళ్ళు గట్టిగా రుద్దుకుంది.

"ఏయ్ దివ్యా!" స్వరాజ్యం గారు సీట్లోంచి లేచి అరిచారు. "గా ముసల్దాని కొంగుతోని తుడువకే! కండ్లు ఖరాబైతయి!"

హాలు గొల్లుమంది. తెర మీద శవం కూడా నవ్వాపుకోలేక కదిలిందని నేను ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను.

"ఆంటీ, గది యాక్టింగ్!" దివ్యశ్రీ నవ్వుతూ ఏడుస్తోంది.

"యాక్టింగ్ ఐతే కొంగు సుత యాక్టింగ్ చేస్తదా? గా కొంగుతోని పొద్దుగాల్నుంచి ఏమేం తుడిచిందో, నీకెరుకనా?"

దివ్యశ్రీ కన్నీళ్ళు ఆగడం లేదు. ఆ పిల్ల చెయ్యి ఏ ఆలోచనా లేకుండా స్వరాజ్యం గారి కొంగు మీదికి పోయింది. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటిచ్చారు. తన బ్యాగులోంచి మడత విప్పని కొత్త రుమాలు ఒకటి తీసి, పిన్నీసు పళ్ళతో విప్పి, తెర వెలుగులో ఆ పిల్ల చున్నీకి ఎడమవైపు గుచ్చారు.

"ఎవల రుమాల్ ఆళ్ళదే," అన్నారు. "ఇగ ఏడువు."